దొరకని సిరాను దొరకించుకొనుట

కలము కొనుట ఒకనాటి పని. సిరా కొనుట ఏండ్ల తరబడి సాగు పని. మంచి కలము ఒకటి చేతికి వచ్చినచో దానిని జాగ్రత్తగా వాడుకొనుచు, అవసరమైనపుడు పాళీ మార్పించుకొనుచు, తండ్రి వ్రాసిన కలముతోనే కుమారుడును వ్రాయవచ్చును. సిరా అట్టిది కాదు. నేడు నింపినది వారము తిరుగునప్పటికి హరించిపోవును. సీసా అడుగంటిన దినమున మరియొక సీసా ఎచ్చట దొరకునో తెలియకున్నచో, ఎంత విలువగల కలమైనను జేబుకు అలంకారముగా మిగులును గాని వ్రాతకు పనికిరాదు.

కోనసీమలో సిరాకలముతో వ్రాయువారికి ఈ చిక్కు తెలియనిది కాదు. రాజమహేంద్రవరము వీరికి పొరుగు పట్టణము. అచ్చటి ఎబొనైటు కలములు వీరికి కొత్తవి కావు. కాని అమలాపురములో గాని, రాజోలులో గాని, కొత్తపేటలో గాని పుస్తకముల దుకాణమునకు పోయి సిరా అడిగినచో సాధారణముగా బడిపిల్లల నీలపు సిరాను చూపుదురు. నలుపో ఎఱుపో మరియొకటి ఉండవచ్చును. నీటికి చెదరక నిలుచు బ్లూ బ్లాకు సిరా కావలెనన్నచో, "అది ఇప్పుడు రావట్లేదండీ" అని వినవలసి వచ్చును. ఈ మాటకు అర్థమేమి, ఆ సిరా నిజముగా ఎచ్చటను లేదా, ఉన్నచో దానిని ఇచ్చటికి రప్పించు మార్గమేది అను విషయములను ఈ ప్రసంగమున విచారింతము.

సిరాలలో భేదములు

వెదకబోవువాడు తాను వెదకునది ఏదో ముందుగా తెలిసికొనవలెను. కలములో పోయుటకు తగిన సిరాలు స్థూలముగా మూడు తెఱగులు.

మొదటిది రంగు సిరా. నీటిలో పూర్తిగా కరగు రంగు, సిరా సాఫీగా జాఱుటకు తోడ్పడు ఒకటి రెండు పదార్థములు, బూజు పట్టకుండ కాపాడు మందు ఒకటి, ఇంతే ఇందుండునవి. బడిపిల్లల నీలపు సిరా ఈ జాతికి చెందినది. ఇది కలమునకు హాని చేయదు. పాళీలో ఎండిపోయినను మంచినీటితో కడిగినచో విడిపోవును. అయితే దీని సుగుణమే దీని లోపము కూడ. కలమును ఎంత సులువుగా నీరు కడుగునో, కాగితముపైనున్న అక్షరమును కూడ అంత సులువుగానే కడిగివేయును. చాలకాలము వెలుతురు తగిలినచో వెలిసిపోవును.

రెండవది ఇనుప సిరా. కరక్కాయ, మాచికాయ మొదలగు వగరు కాయలలో టానిన్ అను పదార్థము కలదు. దాని రసమునకు అన్నభేదిని, అనగా ఇనుముతో కూడిన లవణమును చేర్చినచో సిరా ఏర్పడును. కాగితముపై వ్రాసిన పిమ్మట గాలిలోని ప్రాణవాయువు తగిలి, ఈ రసము నెమ్మదిగా నల్లని పదార్థముగా మారి, కాగితపు నారలలోనే స్థిరపడిపోవును. ఒకసారి అట్లు స్థిరపడిన నలుపు నీటిలో కరగదు. అయితే క్రొత్తగా వ్రాసినపుడు ఈ రసము పాలిపోయి, కంటికి సరిగా ఆనదు. వ్రాయువానికి అక్షరము కనిపించుటకై తయారీదారులు ఇందు కొంత నీలిరంగును కలిపిరి. వ్రాసిన క్షణమున నీలము, దినములు గడచిన కొలది నలుపు. బ్లూ బ్లాకు అను పేరు ఇట్లు వచ్చినదే. 19వ శతాబ్ది మధ్యకాలమున ఐరోపాలో ఈ పద్ధతి స్థిరపడినది. ఇంగ్లండులో వివాహముల రిజిస్టరులను ఇట్టి సిరాతోనే వ్రాయు ఆచారము, 2021లో ఆ నమోదు విద్యుత్ పద్ధతికి మారు వఱకు సాగినది. ఈ కారణము చేతనే దీనికి రిజిస్ట్రారు సిరా అనియు పేరు కలదు.

మూడవది మసి సిరా. మిక్కిలి మెత్తని బొగ్గుపొడి రేణువులు నీటిలో తేలియాడునట్లు చేసి దీనిని తయారు చేయుదురు. ఇందు కరగునది లేదు కనుక, ఆరిన పిదప నీటికి చెదరునదియు లేదు. సిరాకలములకు సరిపడునంత మెత్తగా దీనిని తయారు చేయుటలో జపానువారు పేరు పొందిరి. అయితే ఇది కలములో ఎండిపోయినచో వదలించుట కష్టము. ప్రతిదినము వ్రాయువారికే ఇది తగినది.

మన పెద్దలకు ఇందలి రెండును తెలిసినవే. తాటియాకుపై గంటముతో వ్రాసి, ఆ గీతలలో మసి పూసి అక్షరము కనబడునట్లు చేసెడివారు. కాగితము వచ్చిన పిదప కరక్కాయ, అన్నభేది, తుమ్మజిగురు కలిపి ఇంటనే సిరా కాచుకొనెడివారు. అట్టి సిరా నేడును కాచుకొనవచ్చును. కాని అది పుల్లకలమునకు, ముంచి వ్రాయు పాళీకి మాత్రమే తగినది. జిగురును మడ్డియును ఉండుటచే అది సిరాకలపు సన్నని దారులలో పేరుకొని పూడిపోవును. సిరా దొరకదు గదా అని ఇంటి సిరాను కలములో పోయరాదు. చిత్రలేఖనమునకు వాడు లక్క కలిసిన ఇండియన్ ఇంకును, రబ్బరు ముద్రల సిరాను కూడ పోయరాదు. ఇవి కలమును ఒక్క దినములోనే పాడుచేయగలవు.

నీటి సీమలో నిలుచు అక్షరము

నీలపు సిరా కావలసినంత దొరకుచుండగా ఈ ప్రయాస ఎందులకని కొందఱు అడుగవచ్చును. ఉత్తరములకు, లెక్కలకు, చదువు నోట్సుకు నీలపు సిరా చాలును. కాని ప్రతి ఇంటను కొన్ని కాగితములు ఉండును. వీలునామా, కౌలు ఒడంబడిక, చేబదులు కాగితము, బిడ్డ పుట్టిన గడియ వ్రాసిన చీటి, వంశవృక్షము, గతించిన తండ్రి తన చేతితో వ్రాసిన ఉత్తరము మొదలగునవి అట్టివి. ఇవి వ్రాసినవారి కాలము గడచిన పిదపనే ఎక్కువగా అవసరపడును.

కోనసీమ గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ, సముద్రపు ఒడ్డున ఉన్న సీమ. వానకాలమున గోడలకు, పెట్టెలకు చెమ్మ పట్టుట ఇచ్చట సామాన్యము. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన మహావరదను, 1996 నవంబరు 6వ తేదీన విరుచుకుపడిన పెనుతుపానును చూచినవారు నేటికిని ఇచ్చట ఎందఱో కలరు. కొబ్బరితోటలు కూలినవి, ఇండ్లు పడినవి, ప్రాణములు పోయినవి. అంతటి నష్టము ముందు కాగితముల మాట చిన్నదే. అయినను నీరు తీసిన తరువాత మిగిలిన బ్రతుకు సాగవలెనన్నచో ఆ కాగితములే కావలెను. తడిసిన కాగితమును విప్పి, నీడన ఆరబెట్టి, కొంతవఱకు దక్కించుకొనవచ్చును. దానిపై అక్షరము ఉండునా ఉండదా అనునది మాత్రము వరద వచ్చిన నాడు తేలునది కాదు. ఏండ్లకు పూర్వము ఏ సిరాతో వ్రాసిరో ఆనాడే తేలిపోయినది.

బాల్‌పెన్ను సిరా నూనెతో కూడినదగుటచే నీటికి కొంతవఱకు ఆగును. దానితో వ్రాయువారిని కాదనుటకు ఈ ప్రసంగము ఉద్దేశింపబడలేదు. సిరాకలముతోనే వ్రాయు అలవాటు గలవారు, ఆ కలమునే నమ్ముకొన్నవారు తమ ముఖ్యమైన కాగితములను నీటికి కరగిపోవు సిరాతో వ్రాయకుండుటకు మార్గము చూపుటయే ఇందలి ఉద్దేశము.

ఏల దొరకదు?

ఒకప్పుడు దొరకినది నేడు ఏల దొరకదో తెలిసినగాని, ఎచ్చట వెదకవలెనో తెలియదు.

సిరా విషయమున మన దేశము ఒకప్పుడు ఎక్కువగా పరదేశము మీద ఆధారపడియుండెను. స్వదేశోద్యమము ఈ స్థితిని మార్చినది. 1931లో బొంబాయిలో దండేకరు సోదరులు సిరాపొడిని, సిరాబిళ్ళలను తయారు చేయనారంభించిరి. వారి సంస్థయే తరువాత క్యామ్లిన్ అను పేరుతో, వారి సిరా క్యామెల్ అను పేరుతో దేశమంతట ప్రసిద్ధమైనవి. 1934లో నేటి బంగ్లాదేశములోని రాజషాహి పట్టణమున మైత్రా సోదరులు సులేఖ సిరాను ప్రారంభించిరి. తరువాత ఆ సంస్థ కలకత్తాకు తరలినది. మద్రాసులో బ్రిల్, బెంగుళూరులో చెల్‌పార్క్ సిరాలు తయారై తెలుగుదేశపు దుకాణములను నింపినవి.

కలము కూడ ఆ ఉద్యమముననే మన గడ్డపై పుట్టినది. కోసూరి వెంకటరత్నముగారు 1932లో రాజమహేంద్రవరమున రత్నం కలములను ప్రారంభించిరి. గంధకముతో గట్టిపరచిన రబ్బరునకు ఎబొనైటు అని పేరు. ఆ ఎబొనైటు కడ్డీని లేతుయంత్రముపై త్రిప్పి, కలపు బొందెను, మూతను చేతిపనిగా మలచిరి. అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘమునకు చెందిన కుమారప్పగారి ద్వారా ఆ కలము గాంధీమహాత్మునికి చేరినది. పరదేశపు కలములకు బదులుగా ఇది బాగుగనే పనిచేయుచున్నదను భావముతో, 1935 జూలై 16వ తేదీన మహాత్ముడు రత్నముగారికి కృతజ్ఞతాపూర్వకమైన లేఖ వ్రాసెను. పుల్లకలమును మెచ్చుకొనిన మహాత్ముడే ఈ కలమును స్వీకరించుట గమనింపదగినది.

ఇరువదవ శతాబ్ది చివరి భాగమున బాల్‌పెన్ను చౌకయై ఊరూర వ్యాపించినది. సిరా వాడకము తగ్గినది. 1980ల చివరలో సులేఖ కర్మాగారమే మూతపడినది. నడచుచున్న సంస్థలు కూడ ఎక్కువగా అమ్ముడుపోవు నీలము, నలుపు వంటి రంగులకే ప్రాధాన్యమిచ్చినవి.

ఇక దుకాణదారుని వైపు నుండి ఆలోచింతము. సిరా గాజుసీసాలలో వచ్చును; బరువు, పగులు భయము, కారు భయము కలవు. అరలో ఉన్నకొలది అట్ట మాయును, సిరా అడుగున మడ్డి కట్టును. నీలపు సిరా ఐనచో బడులు తెఱచిన నెలలో కొంత పోవును. బ్లూ బ్లాకు కావలెనని ఎవరో ఒకరు సంక్రాంతికి వచ్చి అడుగుదురు, మరియొకరు దసరాకు వచ్చి అడుగుదురు. ఆ ఇద్దఱి కొఱకు ఒక డజను తెప్పించినచో పదిసీసాల పెట్టుబడి అరలోనే చిక్కుకొనును. "రావట్లేదండీ" అనుమాటకు నిజమైన అర్థము ఇదియే. అది తయారగుట లేదని కాదు. ఇచ్చటికి తెప్పించినచో కొనువారు తగినందఱు కలరని దుకాణదారునకు నమ్మకము లేదని. ఈ సంగతి గ్రహించినచో సగము చిక్కు విడిపోయినట్లే.

వెదకు విధము

మొదటి మెట్టు, కావలసినదానిని స్పష్టముగా అడుగుట. "మంచి సిరా కావలెను" అన్నచో దుకాణదారుడు తన వద్దనున్న సిరానే మంచిదనును. బ్లూ బ్లాకు అని మాత్రము అడిగినను చాలదు. ఆ పేరుగల సిరాలలో నేడు అనేకములు ఇనుము లేని ఉత్త రంగుసిరాలే. పర్మనెంటు అని అట్టపై ఉన్నంత మాత్రమున కూడ నమ్మరాదు. తయారీదారు పేరు, సిరా పేరు, రంగు, సీసా పరిమాణము, ఈ నాలుగును ఒక చీటిపై వ్రాసి ఇచ్చుట మంచిది. పాత సీసా ఉన్నచో దాని అట్టను దుకాణదారునకు చూపవలెను.

రెండవ మెట్టు, దగ్గఱనుండి దూరమునకు పోవుట. ఊరిలోని పాత పుస్తకముల దుకాణముల వెనుక అరలలో, ఎన్నడో వచ్చి మిగిలిపోయిన సీసాలు ఒక్కొక్కసారి ఉండును. దుకాణదారుడు తొందరలో ఉన్నవేళ కాక, తీరికగా ఉన్నవేళ పోయి అడిగినచో వెదకి చూచును. లేనిచో అతనికి సరుకు పంపు టోకు వర్తకుడు రాజమహేంద్రవరములో ఉన్నాడో కాకినాడలో ఉన్నాడో కనుగొనవలెను. చిల్లర దుకాణమున లేని రంగు టోకు వర్తకుని జాబితాలో ఉండుట కలదు. అడిగినవారు లేక అది కోనసీమకు రాలేదు, అంతే.

మూడవ మెట్టు, కలము చేయువారిని అడుగుట. రాజమహేంద్రవరమున రత్నం, గైడరు మొదలగు పేర్లతో కలములు చేయు పనివారికి, తమ కలములలో ఏ సిరా పోసిన బాగుగా సాగునో, ఏది పోసిన పాళీ తుప్పు పట్టునో అనుభవము కలదు. మరమ్మతునకు వచ్చు కలములను విప్పి చూచువారు వారే. కలము బాగు చేయించుకొనుటకు వెళ్ళిన ప్రయాణమున ఈ ప్రశ్న కూడ అడిగి రావలెను. సిరా అమ్మునది కలము అమ్మునట్టి చోటనే అన్నది పాత సూత్రము. ఈ సూత్రమును బట్టియే హైదరాబాదులో 1928లో స్థాపితమైన డెక్కన్ పెన్ స్టోర్సు వంటి కలముల దుకాణములను, మద్రాసులోని కలముల వర్తకులను కూడ విచారింపవచ్చును.

నాల్గవ మెట్టు, పరదేశపు సిరా. జర్మనీకి చెందిన పెలికాన్ 4001 బ్లూ బ్లాకు, ఇంగ్లండులోని డయామైన్ సంస్థవారి రిజిస్ట్రారు సిరా, జపానులోని ప్లాటినం సంస్థవారి బ్లూ బ్లాకు అను మూడును ఇనుప సిరాలే. పెద్ద నగరములలోని దిగుమతి వర్తకులు ఇట్టివానిని తెప్పించి, నేడు టెలిఫోను ద్వారాను ఇంటర్నెట్టు ద్వారాను కూడ అమ్ముచున్నారు. వీని వెల మన సిరాలకన్న అనేక రెట్లు అధికము. కాబట్టి దినమంతయు వ్రాయు వ్రాతకు స్వదేశపు నీలమును, నిలువవలసిన కాగితములకు మాత్రమే దీనిని వాడినచో ఒక్క సీసా చాలకాలము వచ్చును. ఇందులకై ఒక కలమును వేఱుగా ఉంచుకొనుట మేలు.

సిరాను పార్సిలుగా తెప్పించుకొనునపుడు ఒక జాగ్రత్త అవసరము. ద్రవములను విమానమార్గమున పంపుటకు కొందఱు అంగీకరింపరు; భూమార్గమున పంపుమని ముందే చెప్పవలెను. సీసా మూత బిగించి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, కారినను పీల్చుకొనునట్లు చుట్టును దూదియో కాగితపు తుండ్లో నింపి పంపుమని కోరవలెను. ఇట్లు చేయనిచో తక్కినవారి ఉత్తరములు మన సిరాతో తడియును.

సీసాను పరీక్షించుట

దొరకిన సీసా ఎల్ల వేళల మంచిదని చెప్పజాలము. ముఖ్యముగా పాత నిలువలో దొరకిన సీసాను కలములో పోయుటకు పూర్వము పరీక్షింపవలెను. సీసాను కదలింపక వెలుతురునకు ఎత్తి చూడవలెను. అడుగున దట్టముగా మడ్డి పేరుకొన్నచో, పైన తెట్టు కట్టినచో, మూత తీయగానే బూజు వాసన వచ్చినచో దానిని కలములో పోయరాదు. వడగట్టి వాడుకొనవచ్చునను ఆశ వలదు. కంటికి కనబడని మడ్డి వస్త్రమునకు చిక్కదు, కలమునకు మాత్రము చిక్కును.

అది ఇనుప సిరాయా, ఉత్త రంగుసిరాయా అని తెలిసికొనుటకు ఇంట చేయదగిన తేలికైన పరీక్ష ఒకటి కలదు. ముంచి వ్రాయు పాళీతో తెల్లకాగితముపై ఒక పంక్తి వ్రాసి, తేదీ వేసి, గాలి తగులునట్లు ఉంచవలెను. వారము దినములైన పిమ్మట దాని క్రిందనే అదే సిరాతో మరియొక పంక్తి వ్రాయవలెను. పాత పంక్తి నల్లబడి, క్రొత్త పంక్తి నీలముగా ఉన్నచో అది ఇనుప సిరా. రెండును ఒకే తీరున ఉన్నచో అది ఇనుప సిరా కాదనియే తలంపవచ్చును. తరువాత పాత పంక్తి ఉన్న కాగితపు ముక్కను ఒక గంటసేపు నీటిలో నానవేసి తీయవలెను. నీలిరంగు కొంత నీటిలో దిగినను నల్లని అక్షరము చదువుటకు వీలుగా మిగిలినచో, అది మనకు కావలసిన సిరా. అట్టపై ఏమి అచ్చు వేసినను, ఈ పరీక్షయే ప్రమాణము.

ఇనుప సిరాలో కొంత ఆమ్లము ఉండును. ఎబొనైటునకు దానివలన భయము లేదు. బంగారు పాళీకిని లేదు. మామూలు ఉక్కు పాళీని మాత్రము అది నెమ్మదిగా తినివేయును. కాబట్టి నెలకొకసారియైనను కలమును విప్పి, చల్లని మంచినీటితో కడుగవలెను. ఒక సిరాపై మరియొక సిరాను పోయరాదు. రెండు సిరాలు కలిసినచో అడుగున ముద్దలు కట్టుట కలదు. ఫిల్లరుతో సిరా పోయు పెద్ద కలములలో మరియొక సంగతి గమనింపవలెను. సిరా తగ్గి, లోపల గాలి ఎక్కువైనపుడు చేతివేడికి ఆ గాలి ఉబ్బి, పాళీ నుండి సిరాచుక్కను కాగితముపైకి నెట్టును. ముఖ్యమైన కాగితము వ్రాయుటకు కూర్చుండునపుడు కలమును నిండుగా నింపుకొని కూర్చుండుట క్షేమము.

పదిమంది కలిసినచో

ఇంతవఱకు చెప్పినది ఒక్కొక్కరు ఒక్కొక్క సీసాను సంపాదించుకొను విధము. ఇట్లు సంపాదించినది ఈ సంవత్సరమునకు చాలును. మఱుసటి సంవత్సరము ఈ ప్రయాస యంతయు మరల మొదలగును. శాశ్వతముగా దొరకవలెనన్నచో వర్తకుని నమ్మకము సంపాదింపవలెను.

ఒక చిన్న లెక్క వేసి చూతము. పెద్ద ఎబొనైటు కలములో సుమారు 3 మిల్లీలీటర్ల సిరా పట్టుననుకొందము. వారమునకు ఒకసారి నింపువానికి సంవత్సరమునకు 156 మిల్లీలీటర్లు కావలెను. అనగా 60 మిల్లీలీటర్ల సీసాలు రెండున్నరకు కొంచెము పైన. ఇది దుకాణదారునకు లెక్కలోనికి రాదు. అట్టివారు పదిమంది ఒక్కటైనచో సంవత్సరమునకు 26 సీసాలు, అనగా రెండు డజనులకు పైగా. ఇది టోకు వర్తకునకు వ్రాయదగిన ఆర్డరు. ఉపాధ్యాయులు, దస్తావేజు లేఖరులు, జాతకములు వ్రాయు పురోహితులు, అందమైన దస్తూరీ నేర్చుకొను విద్యార్థులు, ఊరికి ఒకరిద్దఱు చొప్పున విడివిడిగా ఉన్నారు. వీరు ఒకరినొకరు ఎఱుగరు. రాజోలువాడు ఒక దుకాణమును, కొత్తపేటవాడు మరియొక దుకాణమును అడిగి, ఇద్దఱును లేదనిపించుకొని పోవుచున్నారు. అందఱును అమలాపురములోనో రావులపాలెములోనో ఒకే దుకాణమును ఎన్నుకొని, ఒకే సిరాను కోరి, సగము సొమ్ము ముందుగా చెల్లించినచో, దుకాణదారునకు నష్టభయము ఉండదు. అతడు తెప్పించును. రెండవసారి ముందు సొమ్ము అడుగడు. మూడవసారి అతడే తెప్పించి అరలో ఉంచును.

ఇట్టిది జరుగునా అను సందేహమునకు సమాధానముగా సులేఖ కథ కలదు. కర్మాగారము మూతపడిన పిదప చాలకాలమునకు, 2020లో, ఆ సిరా మరల సీసాలలో వచ్చినది. సిరాకలములను విడువని వ్రాయసగాండ్రు దేశమందు కలరని, వారు కొనుటకు సిద్ధముగా నున్నారని తెలియుటయే అందులకు బలమైనది. అంతకు పూర్వము రాజమహేంద్రవరపు కలము పుట్టుటకును ఇట్టి కోరికయే కారణము. స్వదేశపు వస్తువు కావలెనని కోరినవారు ఉన్నందుననే దానిని చేయుటకు ఒక పనివాడు పూనుకొనెను. కోరువారు కనబడనిచో చేయువాడును, తెప్పించువాడును కనబడరు.

కాబట్టి సిరా సీసా సగమునకు వచ్చినప్పుడే వెదకుట ప్రారంభింపవలెను; అడుగంటిన పిదప వెదకువాడు దొరకినదానితో తృప్తిపడవలసి వచ్చును. ఊరిలో సిరాకలముతో వ్రాయువారు మరి ఎవరెవరు కలరో కనుగొని, వారి పేర్లును వారికి కావలసిన సీసాల లెక్కయును ఒక కాగితముపై వ్రాసి, దుకాణదారునకు ఇచ్చి రావలెను. ఇంటిలో నిలువవలసిన పాత కాగితము ఏదైనను నీలపు సిరాతో వ్రాసియున్నచో, క్రొత్త సీసా వచ్చిన దినముననే దానికి నిలుచు సిరాతో ఒక ప్రతి వ్రాసి, తేదీ వేసి, పాతదానితో కలిపి భద్రపరచుకొనవలెను. వానకాలము రాకముందే ఈ పని ముగించుట మంచిది.